ఇంటి ఏసీ డక్టులు శుభ్రం చేయడం ఎలా? ఎప్పుడు లాభం, ఎప్పుడు దండగ?

ఏసీ గాలి వచ్చే గ్రిల్ చుట్టూ సీలింగ్ మీద నల్లటి చార కనిపించగానే, ఆ గాలిని గదులకు చేర్చే గొట్టం, అంటే డక్టు, నిండా మురికే అనుకుంటాం. చాలాసార్లు ఆ మరక డక్టులోంచి వచ్చింది కాదు. గ్రిల్ నుంచి జోరుగా వచ్చే గాలి గదిలో తేలుతున్న దుమ్మును తనతో లాక్కుపోయి అంచులకు కొడుతుంది. అందుకే బ్రష్ పట్టే ముందు లోపల చూడాలి.

ముందు లోపల చూడండి

ఏసీ ఆపి, చల్లగాలి వచ్చే గ్రిల్ ఒకటి, గాలిని వెనక్కి లాగే రిటర్న్ గ్రిల్ ఒకటి విప్పండి. ఫోన్ లైటు వేసి, చేయి లోపలికి పెట్టి వీడియో తీస్తే మొదటి మలుపు దాకా కనిపిస్తుంది. రిటర్న్ వైపే దుమ్ము ఎక్కువుంటుంది, అక్కడి గాలి ఇంకా ఫిల్టర్ దాటలేదు కదా.

రేకు మీద వేలితో గీస్తే గీత పడేంత పల్చటి పొర ఉంటే కంగారు అక్కర్లేదు. అది రేకుకే అంటుకుని ఉంటుంది, గదిలోకి అంత తేలిగ్గా రాదు. డక్టులు శుభ్రం చేయిస్తే జబ్బులు రావన్నది రుజువు కాలేదని, అవసరమైతేనే చేయించుకోమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా చెబుతుంది.

నిజంగా లాభం ఉండేది ఈ సందర్భాల్లో: దుమ్ము దూదిలా పేరుకుని గాలి దారి మూసుకుపోయినప్పుడు, ఇంట్లో రిపేర్లు జరిగి పుట్టీ, సిమెంటు పొడి లోపలికి చేరినప్పుడు, ఎలుకలో పురుగులో కాపురం పెట్టినప్పుడు, బూజు (ఫంగస్) పట్టినప్పుడు. మొదటి రెండూ కొంతవరకు మీరే చూసుకోవచ్చు. ఎలుక పెంటికలు, బూజు కనిపిస్తే మాత్రం చేయి పెట్టకండి. ఎండిన పెంటికల మీద వాక్యూమ్ నడిపితే రోగకారకాలు గాల్లోకి లేస్తాయి. పాత ఇళ్ళలో డక్టు కీళ్ళకు తెల్లటి గుడ్డలాంటి పట్టీ చుట్టి ఉంటే అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ నార ఉండొచ్చు, దాన్నీ కదపొద్దు.

మీరే చేసేది

కావలసినవి: స్క్రూడ్రైవర్, ఎన్95 మాస్కు, గ్లవ్స్, పొడవాటి మెత్తటి బ్రష్, హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ క్లీనర్, కొత్త ఏసీ ఫిల్టర్. హెపా లేని వాక్యూమ్ సన్నటి దుమ్మును వెనక నుంచి మళ్ళీ గదిలోకే ఊదుతుంది.

1. మెయిన్ బోర్డులో ఏసీ బ్రేకర్ ఆపండి. థర్మోస్టాట్ ఆపితే చాలదు, చేయి లోపల ఉండగా బ్లోయర్ (గాలిని తోసే ఫ్యాన్) తిరిగే ప్రమాదం ఉంది.

2. పాత ఫిల్టర్‌ను కదపకండి. మీరు దులిపే దుమ్ము బ్లోయర్ మీదకు పోకుండా అదే అడ్డుకుంటుంది. ముందే కొత్తది పెట్టేయడం అందరూ చేసే పొరపాటు, ఆ పూటకే అది పాడవుతుంది.

3. ఒక్కో గ్రిల్ విప్పుతూ, మిగతావాటికి ప్లాస్టిక్ షీటు అంటించండి. విప్పిన గ్రిల్‌ను సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా బిగిస్తే దుమ్ము ముద్దలా అంటుకుంటుంది.

4. వాక్యూమ్ గొట్టం డక్టు మూతి దగ్గరే ఉంచి, బ్రష్‌తో దుమ్మును మీ వైపు లాగండి. లోపలికి నెడితే మలుపు దగ్గర కుప్ప పడుతుంది. ఇది రేకు డక్టులకే. ముడతల ఫ్లెక్సిబుల్ డక్టులో బ్రష్ తిప్పితే లోపలి పొర చిరుగుతుంది. ఫైబర్ గ్లాస్ లైనింగ్‌ను రుద్దితే గాజు నూగు ఇల్లంతా లేస్తుంది.

5. చివర్లో కొత్త ఫిల్టర్ పెట్టండి. అంచు మీది బాణం గుర్తు బ్లోయర్ వైపు ఉండాలి. చుట్టూ సందు ఉంటే గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని అటే పోతుంది. మెర్వ్ (ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును పడుతుందో చెప్పే అంకె) 8 నుంచి 13 దాకా ఏది సరిపోతుందో మీ మెషిన్ మాన్యువల్‌లో చూసుకోండి. మరీ దట్టమైనది పెడితే గాలి అందక బ్లోయర్ అవస్థ పడుతుంది.

అసలు దొంగ కాయిల్

గాలిని చల్లబరిచే భాగమే కాయిల్. ఏసీ నడుస్తున్నంతసేపూ అది తడిగా ఉంటుంది. ఫిల్టర్ దాటిన దుమ్ము అక్కడే అంటుకుని, కొన్నాళ్ళకు దుప్పటిలా పరుచుకుంటుంది. అప్పుడు గాలి తగ్గుతుంది, చల్లదనం తగ్గుతుంది, ఒక్కోసారి కాయిల్ మీద మంచు కడుతుంది. డక్టులు చేయించాక కరెంటు బిల్లు తగ్గిందనే మాట వెనక చాలాసార్లు కాయిల్, బ్లోయర్ శుభ్రం కావడమే ఉంటుంది. బ్రేకర్ ఆపే ఉంచి, మెత్తటి బ్రష్‌ను కాయిల్ రెక్కలు నిలువుగా ఉంటే నిలువుగానే నడపండి. అడ్డంగా లాగితే పల్చటి రెక్కలు వంగిపోతాయి.

కింద నీళ్ళు పడే ట్రే కూడా చూడండి. పైపు మూసుకుపోయి అందులో జిగురు పడితే, ఏసీ వేయగానే ముక్కిన వాసన కొడుతుంది. పాపం, ఆ నింద డక్టు మీద పడుతుంది.

కీళ్ళ దగ్గర లీకులు ఉంటే ఎంత శుభ్రం చేసినా అటక మీది దుమ్ము మళ్ళీ లోపలికి వస్తుంది. మామూలు ఇళ్ళలో డక్టుల్లో నడిచే గాలిలో 20-30 శాతం లీకుల్లోనే పోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ లెక్క. సందులు మూసే మాస్టిక్ పేస్టు‌తో గానీ అల్యూమినియం ఫాయిల్ టేపుతో గానీ మూయండి. గుడ్డ డక్ట్ టేపు, పేరు అదే అయినా, కొన్నాళ్ళకు జిగురు ఎండి ఊడిపోతుంది.

పనివాళ్ళను పిలిస్తే

సరైన పద్ధతిలో మెయిన్ డక్టుకు పెద్ద వాక్యూమ్ బిగించి, లోపలి గాలిని లాగుతూ, అదే సమయంలో బ్రష్‌తోనో గాలి పైపుతోనో దుమ్మును కదిలిస్తారు. కాయిల్, బ్లోయర్, ట్రే ఆ పనిలో ఉన్నాయో లేదో ముందే అడగండి. చిన్న వాక్యూమ్‌తో గ్రిల్స్ దగ్గర తిప్పి గంటలో ముగించారంటే మీరు చేసుకోగలిగిన పనికే డబ్బులిచ్చినట్టు.

బూజుకు మందు కొడతామంటే ఒప్పుకోకండి. తేమ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపకపోతే బూజు మళ్ళీ వస్తుంది. లైనింగ్ తడిసి బూజు పట్టిందంటే దాన్ని శుభ్రం చేయడం కుదరదు, మార్చాల్సిందే. వాళ్ళు వెళ్ళే ముందు కెమెరాతో లోపల చూపించమనండి. డక్టుకు పెట్టిన రంధ్రాలు రేకుతో మూసి సీల్ చేశారో లేదో కూడా అప్పుడే చూసుకోండి.