కంచె మొక్కలు కింద బోసిపోయాయా? యూరియా పక్కన పెట్టి కత్తెర సంగతి చూడండి

మన ఇళ్ల ముందు కంచెగా పెంచేవి ఎక్కువగా గోరింట, డ్యురాంటా, మందార, నూరు వరహాలే. వాటికి ఏ తేడా వచ్చినా ముందు గుప్పెడు యూరియా చల్లేస్తాం. చాలావరకు తంటా కటింగ్‌లోనే ఉంటుంది.

పైన గుబురు, కింద పుల్లలు

ఎక్కడ చూసినా ఇదే గోల. పై చిగుళ్లు ఎలాగూ జోరుగా పెరుగుతాయి, మనమేమో పైపైన గీకి వదిలేస్తాం, దాంతో పైభాగం గొడుగులా విచ్చుకుని కింది ఆకులకు ఎండ తగలనివ్వదు, అవి రాలిపోతాయి, ఆ సందులోంచి వీధికుక్కలు దూరడం మొదలవుతుంది. యూరియా వేస్తే పైన ఇంకా గుబురెక్కుతుందే తప్ప కింద మార్పేమీ ఉండదు.

మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడ్డాక గోరింట, డ్యురాంటా, మందారలను నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తుకు కోసేయండి. (ముందు లోపలికి తొంగి చూడండి, పిగిలిపిట్ట గూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగొచ్చు.) కోశాక చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఇంట్లోవాళ్లు తిడతారు కూడా, పట్టించుకోకండి. మొదళ్లలో పశువుల ఎరువు వేసి, కొత్త కొమ్మలు జానెడు పెరగగానే కొసలు తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. ఇక అక్కణ్నుంచి కింద వెడల్పు, పైన ఇరుకు ఉండేలా కత్తిరించాలి, అంటే అడుగున రెండడుగులుంటే పైన ఒకటిన్నర. పొలుసుల్లాంటి ఆకులుండే థూజా మొక్కకి మాత్రం ఈ వైద్యం వద్దు, ఆకు లేని ముదురు కొమ్మ దాకా కోస్తే అది మళ్లీ చిగురు వేయదు.

కోసిన రెండ్రోజులకే కొసలు మాడటం

కత్తెర మొద్దుబారింది. ఒక పుల్ల పట్టుకుని చూడండి, కోత నున్నగా కాకుండా పీచుపీచుగా నలిగి ఉంటుంది. సాన పట్టించండి. పదునుగానే ఉందంటే రోహిణి కార్తె ఎండలో కోసుంటారు, ఇన్నాళ్లూ నీడలో ఉన్న లోపలి ఆకు ఆ ఎండకు తట్టుకోలేదు.

నూరు వరహాల ఆకు పసుపు, ఈనెలు ఆకుపచ్చ

లేత ఆకులు ఇలా ఉంటే ఇనుము అందట్లేదని అర్థం. సున్నం నేల, బోరు నీళ్లు, ఇల్లు కట్టినప్పుడు గోడ పక్కన పూడ్చేసిన సిమెంటు పెళ్లలు ఉన్నచోట, మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వెంటనే, సాయంత్రం పూట చల్లండి, పది రోజులకు మళ్లీ. పెళ్లలు ఏరేయకపోతే మాత్రం ఏటా ఇదే పని.

పూలే రావట్లేదంటే అతిగా కత్తిరిస్తున్నట్టే. దీని మొగ్గలు కొమ్మ కొసల్లోనే వస్తాయి, పూత అయ్యాకే కత్తెర పెట్టండి.

మందార కొసలు ముడత, తెల్లటి దూది

పిండినల్లి. ఆ కొసలు కోసి కవర్లో మూట కట్టి పారేయండి, చెట్టు కిందే వదిలేస్తే పాకుతూ మళ్లీ ఎక్కుతాయి. మిగతా మొక్కకి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టండి. చీమల బారు కనిపిస్తే దాని సంగతీ చూడాలి, పిండినల్లి కార్చే తీపి కోసం చీమలే దాన్ని కాపాడుతుంటాయి. పక్క మొక్క దగ్గరికి వెళ్లేముందు కత్తెర కడుక్కోండి.