పాపకు కియారా అని పెట్టాలనుకుంటే

మనం కియారా అనే ఇటాలియన్ పేరును అక్కడ 'క్యారా' అని పలుకుతారు. మూలం లాటిన్ 'క్లారా': వెలుగైనది, తేటైనది. లాటిన్ 'క్ల' ఇటాలియన్‌లో 'క్య' అయింది. తాళంచెవి 'క్లావిస్' కూడా 'క్యావే' అయిందిలాగే. ఎంత ముచ్చటైన మార్పో! అసిసి పట్టణపు సెయింట్ క్లారా (1194–1253) పేరూ ఇదే.

ముందు స్పెల్లింగ్ తేల్చుకోండి. అసలుది సి-హెచ్-ఐ-ఏ-ఆర్-ఏ. హైదరాబాద్ బళ్లో హాజరు పిలిస్తే అది 'చియారా' అయిపోతుంది, అందుకే 'కె'తో మొదలుపెట్టడం నయం. 'సి'తోనే రాస్తే మాత్రం హెచ్ తీసేయొద్దు: అప్పుడది ఐరిష్ పేరు, అర్థం 'నల్లనిది'.

జననం 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరు ఏడాదిలోపు ఆలస్య రుసుము లేకుండా మీసేవలో చేర్పించొచ్చు. దరఖాస్తులో అక్షరం అక్షరం సరిచూడండి. తప్పు పడితే ఆధార్, పాస్‌పోర్టుల దాకా వెంటాడుతుంది.