పాత లెగో రోబో కిట్‌ను మళ్ళీ నడిపించడం: ఆర్‌సీఎక్స్, ఒక లినక్స్ ల్యాప్‌టాప్

లెగో మైండ్‌స్టార్మ్స్ మొదటి తరం కిట్ ఇంట్లో ఉన్నవాళ్ళు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవే ఉండదు. ఎవరి దగ్గరో సీడీ కాపీ చేయించుకొచ్చినా కొత్త విండోస్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కదు. దాంతో "ఇక దీని పని అయిపోయింది" అనుకుని పెట్టె మళ్ళీ అటకెక్కిస్తారు. నిజానికి ఆ సీడీలో మనకు కావలసింది ఒకే ఒక్క ఫైలు. మిగతా పనంతా ఇప్పటి కంప్యూటర్లే చేసిపెడతాయి.

నా దగ్గరున్నది 1.5 కిట్. మా బాబాయి న్యూజెర్సీలో ఉండగా కొని, సెలవులకొస్తూ తెచ్చాడు. దాని టవర్ (కంప్యూటర్‌కు తగిలించి, రోబోతో ఇన్‌ఫ్రారెడ్‌లో మాట్లాడించే పరికరం) పాత సీరియల్ పోర్టుది. తర్వాత స్నేహితురాలి దగ్గర్నుంచి యూఎస్‌బీ టవర్ ఉన్న 2.0 కిట్ కూడా వచ్చింది. హైదరాబాద్‌లో మైక్రోకంట్రోలర్ బోర్డుల మీదే నా ఉద్యోగం. రోజూ ఎన్నో బోర్డులు చూసే నాకు ఈ పసుపుపచ్చ డబ్బా, అంటే రోబోకు మెదడైన ఆర్‌సీఎక్స్, అంటే ఇప్పటికీ గౌరవమే. ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో పిల్లల కోసం జరిగిన పరిశోధన నుంచి పుట్టి 1998లో బజారులోకొచ్చింది. లోపలున్నది 16 మెగాహెర్ట్జ్ హిటాచీ హెచ్8 చిప్, 32 కిలోబైట్ల ర్యామ్. మోటార్లకు ఏ, బీ, సీ అని మూడు పోర్టులు, సెన్సార్లకు 1, 2, 3 అని మూడు. ఇది ఏ కంపెనీ సర్వర్‌నూ అడగదు, లాగిన్ కోరదు. బయటి ప్రపంచంతో మాట్లాడేది టీవీ రిమోట్‌లాగా ఇన్‌ఫ్రారెడ్ కాంతితోనే. ఆ కాంతిలో మనం పలకరించగలిగితే చాలు.

ముందు బ్యాటరీల గూడు చూడండి. ఆరు డబుల్ ఏ సెల్స్ పడతాయి. ఏళ్ళ తరబడి అందులోనే వదిలేసిన ఆల్కలైన్ సెల్ కారి, స్ప్రింగుల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటుంది. అది క్షారం కాబట్టి నిమ్మరసమో వెనిగరో దూదిపుల్లకు అద్ది రుద్దితే విడిపోతుంది. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనివ్వాలి. బ్యాటరీలున్న కింది సగాన్ని పై సగం నుంచి జాగ్రత్తగా లాగితే డబ్బా రెండుగా విడిపోతుంది. లోపలి పత్తీల మీద మరక ఉంటే అదీ శుభ్రం చేయండి. రీచార్జబుల్ సెల్స్ వేసుకోవచ్చు. ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి మొత్తం 7.2 అవుతుంది, మోటార్లు కాస్త నెమ్మదిగా తిరుగుతాయి, అంతే తేడా.

వైర్లు మాత్రం ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. ఆ కాలపు లెగో వైర్ల పైతొడుగు వయసుతో పెళుసెక్కి, వంచగానే పొడిగా రాలుతుంది. రాగి బయటపడి రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే షార్టే. అలాంటి వైరును ఇన్సులేషన్ టేపుతో సరిపెట్టకండి. చివర్లలో ఉండే ఇటుక ఆకారపు కనెక్టర్లను మెల్లగా తెరిచి, లోపల కొత్త సిలికాన్ వైరు వేయండి. సిలికాన్ వైరు వంచితే అంత తేలిగ్గా విరగదు.

డబ్బా ఆన్ చేశాక తెర మీద ఏం కనబడుతోందో గమనించండి. చిన్న మనిషి బొమ్మ, పక్కన ప్రోగ్రాం నంబరు మాత్రమే ఉంటే లోపల ఫర్మ్‌వేర్ (డబ్బాను నడిపించే మూల ప్రోగ్రాం) లేదని అర్థం. 00.00 అని గడియారం కనబడితే ఉన్నట్టు. ఫర్మ్‌వేర్ ఉండేది ర్యామ్‌లో. సెల్స్ తీసి ఉంచితే అది చెరిగిపోతుంది. కాబట్టి అటక మీంచి దించిన ఏ డబ్బాలోనూ అది ఉండదు. దానికి కంగారు పడకండి, చిప్ చెడిపోలేదు. పలకరిస్తే బదులివ్వడం, ఫర్మ్‌వేర్‌ను అందుకోవడం లాంటి కనీసపు పనులు చెరగని రోమ్ (ROM) మెమరీలోనే రాసి ఉన్నాయి.

ఇప్పుడు టవర్. యూఎస్‌బీ టవర్ ఉన్నవాళ్ళకు నా సలహా ఒక్కటే: లినక్స్ వాడండి. 64-బిట్ విండోస్‌కు దీని డ్రైవర్ కంపెనీ ఇవ్వలేదు. వర్చువల్ మెషీన్‌లో విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుని నడిపేవాళ్ళున్నారు, అదీ పనిచేస్తుంది గానీ ఆ బరువంతా ఎందుకు మొయ్యాలి? లినక్స్ కెర్నెల్‌లో లెగోయూఎస్‌బీటవర్ అనే డ్రైవర్ ఏళ్ళుగా ఉంది. ఉబుంటు ల్యాప్‌టాప్‌కు టవర్ గుచ్చి, కెర్నెల్ సందేశాలు చూస్తే లెగో యూఎస్‌బీ టవర్ తగిలిందనీ, మేజర్ 180, మైనర్ 160 అనీ కనబడుతుంది. యూఎస్‌బీ పరికరాల జాబితాలో దీని గుర్తింపు సంఖ్య 0694:0001. మామూలు యూజర్‌కు ఆ పరికరం మీద రాసే అనుమతి ఉండదు కాబట్టి, ఈ సంఖ్య మీద ఒక యూడెవ్ రూల్ (ఏ పరికరాన్ని ఎవరు వాడొచ్చో లినక్స్‌కు చెప్పే చిన్న ఫైలు) రాసిపెట్టుకోండి. లేకపోతే ప్రతిసారీ అడ్మిన్ అనుమతి కోసం సుడో కొట్టాలి.

సీరియల్ టవర్ అయితే నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే డ్రైవర్ గొడవే లేదు. దానికో 9 వోల్టుల బ్యాటరీ, ల్యాప్‌టాప్‌కో యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ చాలు. అడాప్టర్ కొనేటప్పుడు ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది అడిగి తీసుకోండి. లినక్స్‌లో మీ యూజర్‌ను, సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న డయల్‌అవుట్ గ్రూపులో చేర్చడం మరవకండి.

ఫర్మ్‌వేర్ సంగతికి వెళ్ళేముందు డబ్బాను ఒకసారి చేత్తో పలకరించమంటాను. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఫర్మ్‌వేర్ ఎక్కించబోతారు. అది మధ్యలో ఆగితే తప్పు ఎక్కడుందో అంతు చిక్కదు. పైథాన్‌లో పైసీరియల్ లైబ్రరీతో పోర్టు తెరవండి: వేగం 2400, 8 డేటా బిట్లు, పారిటీ ఆడ్, స్టాప్ బిట్ ఒకటి. పారిటీ (తప్పు పట్టడానికి ప్రతి బైటుతో పంపే అదనపు బిట్) దగ్గర జాగ్రత్త, మామూలుగా అందరం పారిటీ లేకుండా తెరవడానికి అలవాటుపడి ఉంటాం. తర్వాత ఈ ఏడు బైట్లు పంపండి:

85, 255, 0, 16, 239, 16, 239

మొదటి మూడూ మాట మొదలైందని చెప్పే గుర్తు. 16 అంటే "ఉన్నావా?" అన్న ప్రశ్న. దాని పక్కనున్న 239 దాని తిరగేసిన రూపం, రెండూ కలిపితే 255. చివరి జత చెక్‌సమ్, అంటే పంపిన డేటా బైట్ల మొత్తం, దాని తిరగేత. ఇక్కడ డేటా ఒక్క బైటే కాబట్టి మళ్ళీ 16, 239. ప్రతి బైటునూ తిరగేసి మళ్ళీ పంపడంలో ఒక తెలివి ఉంది. ఇలా చేస్తే మాటలో సున్నాలూ ఒకట్లూ సమానంగా పడతాయి. గదిలో వెలుతురు హెచ్చుతగ్గులను సర్దుకుంటూ పోయే రిసీవర్‌కు అలాంటి సందేశాన్ని పట్టుకోవడం తేలిక. పైగా దారిలో ఏ బైటు చెడినా వెంటనే తెలుస్తుంది.

డబ్బా బదులు ఇలా వస్తుంది:

85, 255, 0, 239, 16, 239, 16

మీరు అడిగినదాన్ని తిరగేసి చెప్పింది. నా 1.5 డబ్బా నుంచి మొదటిసారి ఈ ఏడు అంకెలు తెర మీద పడినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

సీరియల్ టవర్ తను పంపిన కాంతిని తనే చూసి వెనక్కి చెబుతుంది. కాబట్టి అంతా బాగుంటే మీకు 14 బైట్లు రావాలి: మీవి ఏడు, డబ్బావి ఏడు. ఏడే వస్తే టవర్ బాగానే ఉంది, డబ్బా వినడం లేదు: సెల్స్, దూరం, ఎదురెదురుగా ఉన్నాయా అన్నవి చూడండి. ఒక్కటీ రాకపోతే టవర్ బ్యాటరీ, అడాప్టర్, పోర్టు పేరు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. టవర్ వాడకుండా కాసేపు వదిలేస్తే నిద్రలోకి జారుకుంటుంది, అందుకని మొదటి పలకరింపు పోయినా రెండోది పంపి చూడండి.

అయితే రెండోసారి అదే 16 పంపితే డబ్బా దాన్ని కొత్త ఆదేశంగా తీసుకోదు. ముందు పంపినదే మళ్ళీ వచ్చిందనుకుంటుంది. అందుకే ఒకసారి 16, మరోసారి 24 పంపాలి, అంటే 8 విలువున్న బిట్‌ను మారుస్తూ పోవాలి. 24 తిరగేత 231. ఈ ఒక్క విషయం తెలియక సొంత ప్రోగ్రాం రాసేవాళ్ళు "మొదటి ఆదేశం పనిచేసింది, రెండోది లేదు" అని తల పట్టుకుంటారు.

పలకరింపు కుదిరాక ఫర్మ్‌వేర్. సీడీలో ఎల్‌జీఓ అనే ముగింపుతో ఒక ఫైలు ఉంటుంది: 2.0 కిట్ సీడీలో ఫర్మ్0328, అంతకు ముందువాటిలో ఫర్మ్0309. నేను మొదట్లో చెప్పిన ఒక్క ఫైలు ఇదే. దాన్ని ఎక్కించడానికి ఎన్‌క్యూసీ వాడండి. డేవ్ బామ్ తయారుచేసిన చిన్న భాష, కంపైలర్ అది. కమాండ్ లైన్‌లో మైనస్ పెద్ద ఎస్ పక్కనే ఖాళీ లేకుండా యూఎస్‌బీ అని గానీ మీ సీరియల్ పోర్టు పేరు గానీ ఇచ్చి, ఆపైన మైనస్ ఫర్మ్‌వేర్, ఫైలు పేరు ఇస్తే మొదలవుతుంది. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. తెర మీద అంకె పెరుగుతూ పోతుంది, చివర్లో డబ్బా కూత పెడుతుంది, గడియారం ప్రత్యక్షమవుతుంది. ఎందుకింత సేపంటే, సెకనుకు 2400 బిట్లలో ప్రతి బైటుకూ 11 బిట్లు పోగా, తిరగేసి రెండుసార్లు పంపగా మిగిలేది సెకనుకు దాదాపు 109 బైట్లే.

ఆ నిమిషాల్లో వెలుతురే శత్రువు. కిటికీలోంచి పడే ఎండ, ట్యూబ్‌లైటు, పక్కగదిలో ఎవరో నొక్కే ఏసీ రిమోట్, ఏదైనా చెడగొట్టొచ్చు. టవర్‌నూ డబ్బానూ జానెడు దూరంలో ఎదురెదురుగా పెట్టి, మీద చెప్పుల అట్టపెట్టె బోర్లించండి. సీరియల్ టవర్ ముందున్న చిన్న స్విచ్‌ను దగ్గరి దూరం వైపు జరపండి. నాకు ఫర్మ్‌వేర్ పట్టుబడింది ఈ అట్టపెట్టెతోనే.

ఫర్మ్‌వేర్ ఎక్కాక పైథాన్ నుంచి ఇంకొన్ని మాటలు కలుపుదాం. 85, 255, 0, 81, 174, 3, 252, 84, 171 పంపితే మూడో నంబరు కూత వినబడుతుంది. 84 అనేది 81, 3 కలిపిన చెక్‌సమ్. బ్యాటరీ ఎంతుందో అడగడానికి ఆదేశం 48, దాని తిరగేత 207. బదులులో తిరగేతలు వదిలేస్తే 207 తర్వాత వచ్చే రెండు విలువలే మిల్లీవోల్టులు, చిన్న స్థానానిది ముందు. 120, 30 వస్తే 30ని 256తో గుణించి 120 కలపండి: 7800, అంటే 7.8 వోల్టులు. లెక్క తేలికే కాబట్టి పదో తరగతి పిల్లలతో కూర్చుని చేయించొచ్చు. మా అక్క కూతురు ఈ లెక్క కాగితం మీద వేసి, మల్టీమీటర్‌తో సెల్స్ కొలిచి సరిచూసుకుంది.

ప్రోగ్రాములు ఎన్‌క్యూసీలోనే రాయండి. సి భాష తెలిసినవాళ్ళకు గంటలో వచ్చేస్తుంది. మొదటి ప్రోగ్రాం ఇలా పెట్టుకోండి: ఏ, సీ మోటార్లు ముందుకు, 1వ పోర్టులోని టచ్ సెన్సార్ నొక్కుకుంటే ఒక సెకను వెనక్కి, ఒక చక్రం మాత్రమే అరసెకను తిప్పి మళ్ళీ ముందుకు. వెయిట్ లెక్క సెకనులో నూరో వంతుల్లో, కాబట్టి ఒక సెకనుకు 100 అని రాయాలి. రోబో ఉల్టా దిశలో పోతుంటే ప్రోగ్రాం ముట్టుకోకండి, మోటారు మీది కనెక్టర్‌ను అటుదిటు తిప్పి పెడితే చాలు. డబ్బాలో ఐదు ప్రోగ్రాములకు చోటుంది, అన్నీ కలిపి 6 కిలోబైట్లలో సర్దుకోవాలి.

టవరే లేనివాళ్ళకూ దారి ఉంది. ఆర్డువినో లియోనార్డో, ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, 38 కిలోహెర్ట్జ్ రిసీవర్ ఒకటి కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. ఆర్‌సీఎక్స్ మాటలో సున్నా అంటే 417 మైక్రోసెకన్ల పాటు 38 కిలోహెర్ట్జ్ మినుకు, ఒకటి అంటే చీకటి. అందుకని ఎల్‌ఈడీ పొడవు కాలును రెసిస్టర్ మీదుగా 38 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చే పిన్నుకు, పొట్టి కాలును సీరియల్ పంపే పిన్నుకు కలపండి. ఆ పిన్ను సున్నాకు దిగినప్పుడు మాత్రమే ఎల్‌ఈడీ మినుకుతుంది. మనకు కావలసింది సరిగ్గా అదే, వేరే ట్రాన్సిస్టర్ అక్కర్లేదు. రిసీవర్ అవుట్‌పుట్‌ను నేరుగా సీరియల్ అందుకునే పిన్నుకు ఇవ్వండి. లియోనార్డోనే ఎందుకంటే అందులో ఆ సీరియల్ పిన్నులకూ యూఎస్‌బీకీ సంబంధం లేదు, ఒకదానికొకటి అడ్డు రావు. బోర్డు ప్రోగ్రాంలోనూ 2400, ఆడ్ పారిటీ అనే పెట్టుకోవాలి. రిసీవర్ సొంత ఎల్‌ఈడీని కూడా చూస్తుంది కాబట్టి ఇక్కడా 14 బైట్ల లెక్కే.

ఆట అయ్యాక కిట్‌ను కొన్నాళ్ళు పక్కన పెడుతున్నారంటే సెల్స్ తప్పకుండా తీసేయండి. ఫర్మ్‌వేర్ పోతుందని వాటిని లోపలే వదలకండి. అది మళ్ళీ ఎక్కించడానికి నాలుగు నిమిషాలు, కారిన ఆ క్షారం తినేసిన పత్తీ మాత్రం మళ్ళీ దొరకదు. కేవలం సెల్స్ మార్చడానికే అయితే డబ్బా ఆఫ్ చేసి, కొత్తవి చేతిలో సిద్ధంగా పెట్టుకుని గబగబా మార్చేయండి. లోపలి కెపాసిటర్ ఆ కాసేపు ర్యామ్‌ను నిలబెడుతుంది.