కాలిఫోర్నియాలో కిట్ కారు, రెప్లికా కారు రిజిస్టర్ చేయించడం ఎలా?

ఇల్లు అలకగానే పండగ కాదు. 1960ల నాటి కోబ్రా స్పోర్ట్స్ కారు రూపాన్ని ఇంట్లోనే కట్టుకునే విడిభాగాల సెట్టు, అంటే రెప్లికా కిట్ తెప్పించి, గ్యారేజీలో ఆఖరి బోల్టు బిగించినా, కాలిఫోర్నియాలో దానికి నంబర్ ప్లేటు రావాలంటే మూడు గడపలు తొక్కాలి: వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీఎంవీ, హైవే పెట్రోల్ అంటే సీహెచ్‌పీ, మామూలు పొగ పరీక్షకు లొంగని బండ్లను చూసే స్మాగ్ చెక్ రిఫరీ. ఏ గడప ముందు, ఏది తర్వాత అన్న లెక్క తప్పితే ఏడాది పోవచ్చు. ఫ్రీమాంట్, శాన్ హోసే చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో ఈ సరదా ఉన్నవాళ్లు కిట్ ఆర్డర్ పెట్టకముందే ఇది చదవడం మేలు.

ముందు తేల్చుకోవాల్సింది: మీ కారు ఏ జాతి?

సొంత వాడకానికి, అమ్మకం ఉద్దేశం లేకుండా, లైసెన్సున్న తయారీదారు కాకుండా వేరెవరైనా కట్టిన బండిని రాష్ట్ర వెహికిల్ కోడ్ 580వ సెక్షన్ ‘స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ వెహికిల్’ అంటుంది. కిట్‌తో కట్టినా, కొత్త పాత విడిభాగాలతో కట్టినా ఇందులోకే వస్తుంది. టైటిల్ మీద కంపెనీ పేరుండే చోట ‘ఎస్‌పీసీఎన్‌ఎస్’ అని పడుతుంది. పాత కారును దాని అసలు రూపానికే బాగుచేస్తే మాత్రం ఈ కోవలోకి రాదు.

ఇక్కడే కొందరు అడ్డదారి తొక్కుతారు. కిట్ కారును ‘1965 ఫోర్డ్’ అని రాయించేస్తే పన్నూ తగ్గుతుంది, స్మాగ్ గొడవా ఉండదని బ్రోకర్లు ఊరిస్తారు. అది తప్పుడు డిక్లరేషన్, అంటే నేరం. ఇలాంటివి ఎంతగా పెరిగాయంటే, పాతవి సరిచేసుకోవడానికి రాష్ట్రం 2011 జులై నుంచి 2012 జూన్ దాకా ప్రత్యేకంగా ఒక మాఫీ పథకమే నడిపింది. వాడిన రెప్లికా కొనేవాళ్లు టైటిల్ మీద ‘ఎస్‌పీసీఎన్‌ఎస్’ లేకపోతే డబ్బు చేతులు మారకముందే ఆగండి.

ఎస్‌బీ 100: ఏడాదికి 500 మందికే

కొత్తగా కట్టిన బండి ఈనాటి కాలుష్య నిబంధనలకు నిలబడాలంటే క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోల్ ఆవిరిని పట్టే క్యానిస్టర్ అన్నీ కావాలి. కార్బ్యురేటర్ పెట్టిన పాత వీ8 ఇంజిన్‌తో అది అయ్యే పని కాదు. దీనికి విరుగుడే ఎస్‌బీ 100 చట్టం. ఏటా మొదటి 500 బండ్లకు, అవి దేన్ని పోలి ఉన్నాయో ఆ కాలం నాటి కాలుష్య నిబంధనలే వర్తింపజేస్తారు.

పోలికను దేనితో చూడాలో ఎంచుకునే హక్కు యజమానిదే: బాడీతోనా, ఇంజిన్‌తోనా? కారు మొత్తం ఖర్చును తేల్చేది ఈ ఒక్క నిర్ణయమే. 1965 కోబ్రా రూపంలో ఉన్న కారుకు బాడీ లెక్కే లాభం. లోపల ఇటీవలి ఫోర్డ్ కొయోటీ ఇంజిన్ ఉన్నా 1965 నిబంధనలే వర్తిస్తాయి. అదే 1980ల నాటి ఇటాలియన్ స్పోర్ట్స్ కారు రూపమైతే బాడీ లెక్క మెడకు చుట్టుకుంటుంది. అందులో 1970 నాటి షెవ్రోలె స్మాల్ బ్లాక్ ఇంజిన్ ఉంటే ఇంజిన్ లెక్క అడగండి. దేన్నీ పోలని సొంత డిజైన్‌కు రిఫరీ 1960 ఇస్తాడు. 1975, అంతకు ముందు మోడళ్లకు రెండేళ్లకోసారి చేయించే స్మాగ్ పరీక్ష లేదు కాబట్టి, ఆ గీతకు ఇవతల పడటమే అసలు లక్ష్యం.

కాగితాలు

కిట్ పెట్టె విప్పిన రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి. కావాల్సినవి:

– కిట్ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఇన్వాయిస్
– ఇంజిన్, గేర్‌బాక్స్, ఫ్రేమ్, బాడీ ఒక్కోదానికి రసీదు లేదా బిల్ ఆఫ్ సేల్
– టైటిల్ దరఖాస్తు రెజ్ 343
– బండి ఎలా కట్టారో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, రెజ్ 5036

ఎక్కువమంది దెబ్బతినేది ఇంజిన్ రసీదు దగ్గరే. పాత మస్టాంగ్ ఇంజిన్‌ను ఎవరి దగ్గరో నగదుకు కొని, చీటీ మీద ‘ఇంజిన్, 1,500 డాలర్లు’ అని రాయించుకుంటే దానికి విలువ లేదు. అమ్మినవారి పేరు, చిరునామా, సంతకం, తేదీ, బ్లాకు మీద చెక్కిన నంబరు ఉండాలి. ఆ నంబరును ఫోటో తీసి, ఇంజిన్ కారులోకి దించకముందే ఫైల్లో పెట్టండి. దించాక హెడర్ల (ఎగ్జాస్ట్ గొట్టాల) వెనక దాన్ని వెతకడం టార్చిలైటూ అద్దమూ పట్టుకుని చేసే సర్కస్.

పన్ను మాట కూడా ఇక్కడే. బయటి రాష్ట్రం నుంచి పన్ను కట్టకుండా తెప్పించిన భాగాల మీద డీఎంవీ యూజ్ ట్యాక్స్ వసూలు చేస్తుంది. రాష్ట్ర కనీస రేటు 7.25 శాతం, కౌంటీని బట్టి పెరుగుతుంది. ఇప్పటికే పన్ను కట్టిన రసీదులు విడిగా పెడితే రెండోసారి కట్టే తిప్పలు ఉండవు.

వరుస

మొదటి గడప డీఎంవీ. ఫారాలు, రసీదులు ఇచ్చి, ఫీజు కట్టి, ఆ 500లో మీ వంతును చూపే ఎస్‌బీ 100 సర్టిఫికెట్ ఆఫ్ సీక్వెన్స్ కావాలని నోరు తెరిచి అడగాలి. కౌంటర్‌లో ఉన్నవారు దీన్ని ఎప్పుడూ చూడకపోయి ఉండొచ్చు. సూపర్‌వైజర్‌ను పిలవమనడంలో తప్పులేదు. కొత్త కోటా జనవరిలో ఆఫీసు తెరిచిన మొదటి రోజు మొదలవుతుంది. మొదటి రోజే అయిపోయిన ఏళ్లున్నాయి కాబట్టి, డిసెంబరు నాటికి కారూ ఫైలూ సిద్ధంగా ఉండేలా పని నడపండి.

తర్వాత సీహెచ్‌పీ. డీఎంవీ పంపాకే అక్కడికి వెళ్లాలి. అధికారి ఫ్రేము, ఇంజిన్, గేర్‌బాక్స్ నంబర్లను రసీదులతో సరిచూసి, నీలం రంగు గుర్తింపు ప్లేటు బిగిస్తాడు. గీకేసిన నంబరు కనిపిస్తే దొంగ సొత్తు అన్న అనుమానంతో బండినే పట్టుకోవచ్చు. బ్లాకును ఇసుకతో రుద్ది పెయింట్ వేసేటప్పుడు ఆ చోట టేపు అంటించమనేది అందుకే.

బ్రేకులు, లైట్ల సర్టిఫికెట్ కూడా కావాలి. 2024 నుంచి పాత బ్రేక్ అండ్ ల్యాంప్ స్టేషన్ల స్థానంలో వెహికిల్ సేఫ్టీ సిస్టమ్స్ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. వెళ్లే ముందు ఇంట్లోనే చూసుకోవాల్సినవి: హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి 22 అంగుళాలకు తగ్గకూడదు, 54 దాటకూడదు. సస్పెన్షన్ మరీ దించేసిన కార్లు ఇక్కడే ఫెయిలవుతాయి. స్ప్రింగ్ కాలర్ రెండు మూడు చుట్లు తిప్పితే సరిపోతుంది. నంబర్ ప్లేటు మీద తెల్ల బల్బు వెలగాలి. సైడ్ పైపుల సైలెన్సర్ చప్పుడు 95 డెసిబెల్స్ దాటకూడదు. లోటస్ సెవెన్ తరహా తేలిక బండ్లవాళ్లకు ఒక హెచ్చరిక: 1,500 పౌండ్ల లోపు బరువున్నా మడ్‌గార్డులు ఉండాల్సిందే, ఆ మినహాయింపు 1971కి ముందు తయారై తొలిసారి రిజిస్టరైన బండ్లకే.

చివరి గడప రిఫరీ. మామూలు స్మాగ్ షాపు ఈ పని చేయలేదు. అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, రిఫరీ కేంద్రాలు చాలా చోట్ల కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటాయి. సీక్వెన్స్ సర్టిఫికెట్‌తో పాటు మీరు పోలిక చెబుతున్న అసలు కారు ఫోటోలు రెండు మూడు పట్టుకెళ్లండి, వాదన తేలికవుతుంది. 1965 వస్తే స్మాగ్ పని ఏమీ ఉండదనుకోకండి. ఆనాటి కార్లకు ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకే పంపే పీసీవీ వాల్వు ఉండేది. వాల్వ్ కవర్లకు అందమైన బ్రీదర్లు మాత్రమే పెట్టి, పీసీవీ గొట్టం వదిలేస్తే రిఫరీ వెనక్కి పంపవచ్చు. చవకైన వాల్వు, ఒక అడుగు పొడవు గొట్టం, మ్యానిఫోల్డ్‌కు ఒక కనెక్షన్: ముందురోజే బిగించేయండి. రిఫరీ సంవత్సరం నిర్ణయించి, పీకితే తెలిసిపోయే లేబుల్ బండికి అంటిస్తాడు. ఆ కాగితం డీఎంవీకి ఇస్తే ప్లేట్లు, టైటిల్ వస్తాయి. లేబుల్ మీద పెయింట్ పడనివ్వకండి.

ప్లేట్లు లేని కారును ఈ చోట్లన్నింటికీ ట్రైలర్ మీద తీసుకెళ్లడమే క్షేమం. నడుపుకునే వెళ్లాలంటే డీఎంవీ తాత్కాలిక పర్మిట్, ఇన్సూరెన్స్ రెండూ చేతిలో ఉండాలి.

కోటా దొరక్కపోతే?

వచ్చే జనవరి దాకా ఆగడం ఒక దారి. లేదంటే అన్ని కాలుష్య పరికరాలతో కలిపి అమ్మే ఆధునిక ఇంజిన్ ప్యాకేజీ. జనరల్ మోటార్స్ వారి ఈ-రాడ్ ప్యాకేజీ ఇందుకోసం వచ్చిందే. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అనుమతి పత్రం) ఉన్న ప్యాకేజీయేనా అని కొనేముందు నంబరుతో సహా చూసుకోండి. ఇందులో కన్వర్టర్లకు చాసిస్ కింద చోటు కావాలి. కోబ్రా కిట్లలో ఎగ్జాస్ట్ పక్క నుంచి పోతుంది కాబట్టి, ఫ్రేము బేర్‌గా ఉన్నప్పుడే కొలతలు తీయకపోతే తర్వాత కోసి వెల్డింగ్ చేయాల్సి వస్తుంది.