దవడ నొప్పికి టెన్షన్ కారణమా? పంటి బిగువు వదలడం ఎలా?

"పాపం, అన్నీ పంటి బిగువున భరించింది" అని మనవాళ్లు ఎవరి గురించైనా అంటే అది మెచ్చుకోలు. నేనూ అలాగే అనుకునేదాన్ని, రెండేళ్ల కిందట మార్చి నెలాఖరు బ్యాంకు క్లోజింగ్ రోజుల్లో ఎడమ చెవి ముందు మొదలైన నొప్పి కణత దాకా పాకి, ఆవలింత వస్తే భయమేసే స్థితి వచ్చేదాకా. ముందు చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. తర్వాత ఒక పళ్ల డాక్టరు వెనక పన్ను మీద అనుమానపడి రూట్ కెనాల్ చేశారు, డబ్బులు పోయాయి, నొప్పి మాత్రం కదల్లేదు. మూడోచోట ఒక పెద్ద డాక్టరమ్మ నా చెంపలు వేళ్లతో నొక్కుతూ "పళ్లు బిగిస్తావా అమ్మా?" అని అడిగారు. లేదండీ అన్నాను. "ఇప్పుడు చూడు, పై పళ్లూ కింది పళ్లూ ఆనుకుని ఉన్నాయా?" అన్నారు. ఉన్నాయి.

"టెన్షన్ వల్ల" అనగానే మనకి "అంతా నీ భ్రమ" అని వినిపిస్తుంది, ముందు ఆ చిక్కు విప్పుకుందాం. దవడ కీలు చెవికి కాస్త ముందు ఉంటుంది, అక్కడ వేలు పెట్టి నోరు తెరిస్తే కదలడం తెలుస్తుంది. నోరు మూసే కండరాలు చెంపల్లోనూ కణతల్లోనూ ఉంటాయి, జంతికల్ని పొడి చేసేంత బలమైనవి. నోరు ఊరికే ఉన్నప్పుడు పళ్ల వరసల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి, నమలడం మింగడం అన్నీ కలుపుకున్నా రోజు మొత్తంలో పళ్లు తాకేది అరగంట లోపే. కంగారులో, కోపంలో, మొహం చిట్లించి స్క్రీన్ చూసే పనిలో మనం ఆ సందు మూసేసి గంటలు గంటలు ఉంచేస్తాం. గట్టిగా కొరికినట్టు కూడా ఉండదు కాబట్టి తెలియదు. చంటిపిల్ల బరువు పెద్ద లెక్కలోది కాదు, కానీ రోజంతా దించకుండా చంకనేసుకుంటే చెయ్యి ఏమవుతుందో దవడకీ అదే అవుతుంది. దీనికి తోడు నిద్ర చాలకపోయినా, దిగులుగా ఉన్నా మెదడు అదే నొప్పిని పెంచి వినిపిస్తుంది, నొప్పి మళ్లీ నిద్ర చెడగొడుతుంది. ఇందులో భ్రమ ఎక్కడా లేదు.

ఇక చేయాల్సినవి, నాకు పనికొచ్చిన వరసలో.

1. ముందు ఇంకేదీ కాదని తేల్చుకోండి

ఈ మెట్టు మాత్రం ఎవరూ దాటేయకండి. నోరు ఎంత తెరుచుకుంటుందో చూడండి: మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు నిలువుగా ముందు పళ్ల మధ్య పట్టాలి. నోరు రోజురోజుకీ బిగుసుకుపోతూ, కారం తగిలితే మండుతూ ఉంటే, ముఖ్యంగా వక్కపొడి, గుట్కా అలవాటున్నవాళ్లకి, అది కీలు జబ్బు కాకపోవచ్చు. వక్క వల్ల నోటి లోపలి పొర గట్టిపడే జబ్బు ఉంది, అది తర్వాత క్యాన్సర్‌కి దారితీయవచ్చు, వెంటనే చూపించుకోవాలి. వాపు, జ్వరం, తిమ్మిరి, దెబ్బ తగలడం, నోరు ఇరుక్కుపోవడం ఉన్నా అంతే. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలితే దవడ లాగుతూ, చూపులో తేడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ లాగి ఛాతీ బరువెక్కితే అది గుండె సంగతి, పళ్ల డాక్టరు దగ్గర కూర్చోకండి.

2. పళ్లు ఎప్పుడు ఆనుతున్నాయో పట్టుకోండి

నా మట్టుకు నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే, పైసా ఖర్చు కాలేదు. ఒక ఎర్ర బొట్టుబిళ్ల తీసి ఆఫీసులో మానిటర్ అంచున అంటించాను, ఇంకోటి స్టవ్ వెనక పలకల మీద, ఇంకోటి స్కూటీ అద్దం మీద. అది కంటపడినప్పుడల్లా ఒక్కటే ప్రశ్న: పళ్లు ఆనుకుని ఉన్నాయా, విడిగా ఉన్నాయా? అంతే, వెంటనే సరిచేయాలన్న హడావుడి కూడా మొదటి రెండు మూడు రోజులు అక్కర్లేదు. హెల్మెట్ పెట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగితే వందకి వంద సార్లు బిగించే ఉన్నాను. పాలు పొంగుతాయేమోనని నిలబడి చూసేటప్పుడు కూడా. పాలకి నా దవడతో ఏం పని? ఫోన్‌లో అలారం పెట్టుకున్నా పరవాలేదు కానీ నలుగురిలో మోగితే మళ్లీ అదొక టెన్షన్.

పట్టుకున్నాక వదలడం ఎలాగంటే, "హమ్మయ్య" అనండి. నిజంగానే అనండి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ. "మ్మ" దగ్గర పెదాలు కలుస్తాయి కానీ పళ్లు కలవవు, గమనించండి, అదే దవడ ఉండాల్సిన తీరు. పెదాలు మూసి, పళ్లు విడిచి, నాలుక కొన "ల" అనబోయి ఆగినట్టు పై పళ్ల వెనక ఆనీ ఆననట్టు. భుజాలు కూడా దిగుతాయి, దిగకపోతే దించండి. రోజుకి ఇరవై సార్లు చేసినా మొత్తం కలిపి రెండు మూడు నిమిషాల కన్నా ఎక్కువ పట్టదు.

3. రెండు వారాలు చీటీ రాయండి

పుస్తకం, యాప్ ఏమీ వద్దు, పాత పే-ఇన్ స్లిప్ వెనక కూడా చాలు. టైము, అప్పుడేం జరుగుతోంది, నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, రాత్రి నిద్ర ఎలా పట్టింది. నా చీటీలో ఒక మంగళవారం ఇలా ఉంది: "11కి కౌంటర్ దగ్గర పెద్దాయనతో గొడవ, 3. సాయంత్రం 6కి క్యాష్ 500 తేడా, 6. రాత్రి 9కి వదిన ఫోన్, 7."

నేను ఆ పెద్దాయనతో గొడవ వల్లే నొప్పి అనుకున్నాను. చీటీ చూస్తే తిరగబడింది. ఆయనతో నేనూ గట్టిగా మాట్లాడాను, పది నిమిషాల్లో మర్చిపోయాను. మా ఆడపడుచు ఇంటి వాటా సంగతి ఎత్తితే మాత్రం "సరే వదినా, మీ ఇష్టం వదినా" అంటూ నలభై నిమిషాలు మాటలు మింగాను. నోరు విప్పిన చోట మూడు, మూసుకున్న చోట ఏడు! అందరికీ ఇలాగే ఉంటుందనను, మీ చీటీలో అది ట్రాఫిక్ కావచ్చు, పిల్లల పరీక్షలు కావచ్చు, అమెరికాలో ఉన్న కొడుకు వీసా కబురు కావచ్చు. మీది మీరు కనుక్కోవాలి, అందుకే రాయమంటున్నాను. దొరికాక ఆ సమస్య తీరిపోదు, అది వేరే సంగతి, కానీ ఫోన్ వచ్చేముందే భుజాలు దించుకుని కూర్చోవచ్చు, లేదా "వదినా, ఇది మీ తమ్ముడితో మాట్లాడండి" అనొచ్చు. నేను రెండోది అన్నాను, మూడు నెలలు పట్టింది అనడానికి.

4. "ఇక నోరు తెరుచుకోదేమో" అన్న భయాన్ని విడిగా చూడండి

నొప్పి కన్నా దాని గురించిన ఊహ ఎక్కువ తినేస్తుంది. టక్కుమని శబ్దం వస్తే కీలు అరిగిపోయిందని, రాత్రి రెండింటికి ఫోన్‌లో వెతికి ఆపరేషన్ వీడియోలు చూసి, మర్నాడు నోరు కదిలించడానికే భయపడి పెరుగన్నంతో సరిపెట్టుకోవడం, పెళ్లికెళ్లినా నలుగురి ముందు నమలాలంటే సిగ్గేసి కూర్చోకుండా వచ్చేయడం, ఇవన్నీ నేను చేశాను. కదలని కీలు ఇంకా బిగుస్తుంది, మనుషుల్లోకి వెళ్లకపోతే నొప్పి తప్ప ఆలోచించడానికి ఇంకేమీ మిగలదు. నొప్పి లేకుండా వచ్చే శబ్దం చాలామందికి ఉంటుంది, దానికి వైద్యం అక్కర్లేదు. నొప్పి ఎక్కువున్న కొద్ది రోజులు చెరకు, మొక్కజొన్న పొత్తులు, సకినాలు పక్కన పెట్టండి, వేడి కాపడం పెట్టుకోండి, తగ్గాక మామూలు తిండికి వచ్చేయండి.

5. ఇంట్లోవాళ్లకి చెప్పండి, ఏం చేయకూడదో కూడా చెప్పండి

రెండు రకాల ఇబ్బంది ఉంటుంది. "ఏమీ లేదు, ఊరికే చేస్తోంది" అనేవాళ్లు ఒకరకం. రెండోరకం మావారు: ఆఫీసు నుంచి రాగానే "తగ్గిందా?", అన్నం ముందు "తగ్గిందా?", పడుకునేముందు మళ్లీ. ప్రేమే, కాదనను, కానీ అడిగినప్పుడల్లా నా ధ్యాస మళ్లీ దవడ మీదికే పోయేది. చివరికి "ఏవండీ, ఆదివారం ఒక్కసారి అడగండి చాలు, మిగతా రోజులు ఆ టైముకి గిన్నెలు తోమిపెట్టండి" అన్నాను. నవ్వారు గానీ తోముతున్నారు.

6. డాక్టరుకి దవడ ఒక్కటే కాదు, మిగతాదీ చెప్పండి

నిద్ర పట్టట్లేదని, నడుం నొప్పి, కడుపు ఉబ్బరం, తలనొప్పి కూడా ఉన్నాయని దవడ చూపించుకోవడానికి వెళ్లి ఎవరు చెబుతారు? చెప్పాలి. అమెరికాలో ఒపెరా అనే పరిశోధనలో 18 నుంచి 44 ఏళ్ల వయసున్న, అప్పటికి దవడ నొప్పి లేని 2,700 మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించారు. ఏటా వందలో సుమారు నలుగురికి కొత్తగా నొప్పి వచ్చింది, ఎవరికి వస్తుందో ముందే చెప్పగలిగిన, వాళ్లు మానసికం కింద లెక్కేసిన విషయాల్లో అన్నిటికన్నా గట్టిది ఇలా ఒంట్లో అక్కడా ఇక్కడా రకరకాల బాధలు ఉండటమే. 2014 నుంచి దంతవైద్యులు వాడుతున్న అంతర్జాతీయ పద్ధతిలో కూడా రెండు భాగాలున్నాయి: ఒకటి కీలు, కండరం చూసేది, రెండోది మనసు, నిద్ర, అలవాట్లు, నొప్పి వల్ల ఆగిపోయిన పనులు అడిగేది. దిగులుకి తొమ్మిది, ఆందోళనకి ఏడు ప్రశ్నల కాగితం ఇస్తే నాకేమైనా పిచ్చా అని ముఖం మాడ్చుకోకండి, బీపీ చూసినట్టే అదీ. దిగులుకి మాత్రలు వాడుతుంటే అది కూడా చెప్పండి, కొన్నిటి వల్ల పళ్లు బిగించడం పెరుగుతుంది, అలాగని మీ అంతట మీరు ఆపేయకండి.

దిగులు మరీ ఎక్కువై ఏదీ చేయబుద్ధి కాకపోతే దవడ సంగతి తర్వాత, ముందు మనసు డాక్టరుని కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

7. పళ్లు అరగదీయించుకోవడానికి తొందరపడకండి

1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జేమ్స్ కాస్టెన్ అనే చెవి డాక్టరు ఈ బాధలన్నిటికీ పళ్లు సరిగ్గా కలవకపోవడమే మూలమని రాశారు, ఆ తర్వాత ఎంతమంది పళ్లు అరగదీశారో లెక్కలేదు. 1969లో డేనియల్ లాస్కిన్ ఒత్తిడి వల్ల అలిసిన కండరమే ఎక్కువమందిలో అసలు దోషి అన్నారు. ఇప్పుడు నడుస్తున్న ఆలోచన ఏ ఒక్కదాని మీదా నింద వేయదు. మూడు నెలలు దాటిన నొప్పికి 2023 చివర్లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చిన అంతర్జాతీయ సూచనల్లో గట్టిగా చెప్పినవి: ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్, ఫిజియోథెరపిస్టు నేర్పే దవడ వ్యాయామాలు, మర్దన, మెడ నిలుపుకునే తీరు. రాత్రి పళ్లకి తొడుక్కునే నైట్ గార్డుల విషయంలో ఆ సూచనలు అంత ఉత్సాహం చూపలేదు. నాకూ ఒకటి ఇచ్చారు, రాత్రి పళ్లు అరగకుండా కాపాడుతోంది, ఆ మేరకు మంచిదే, కానీ పగటిపూట నేను బిగించేదానికి అదేం చేస్తుంది, డబ్బాలో పడుకుని ఉంటుంది కదా. వెనక్కి తీసుకోలేని పని, అంటే పళ్లు అరగదీయడం, వరుసగా క్యాపులు వేయడం, కీలు ఆపరేషన్, ఎవరైనా మొదటిరోజే చెబితే ఇంకో డాక్టరుని అడగండి.

ఎన్నాళ్లు పడుతుందంటే, నాకు ఆరు వారాలకి ఆవలించడం సాధ్యమైంది, నాలుగు నెలలకి చీటీ రాయడం మానేశాను. టక్కుమనే శబ్దం ఇప్పటికీ ఉంది. మార్చి మూడో వారం వచ్చేసరికి నొప్పి కూడా కాస్త తొంగిచూస్తుంది, అప్పుడు మానిటర్ మీద వెలిసిపోయిన బొట్టుబిళ్ల పీకేసి కొత్తది అంటిస్తాను, ఈసారి మెరూన్ రంగుది.