యూకేలో ఇల్లు కొంటుంటే సర్వేలో పెద్ద ఖర్చు బయటపడిందా, ఇలా చేయండి

ఆఫర్ ఒప్పుకున్నారు, మార్ట్‌గేజ్ నడుస్తోంది, ఇంతలో సర్వే రిపోర్ట్ (సర్వేయర్ ఇల్లు చూసి దాని పరిస్థితి మీద రాసేది) వచ్చింది, తెరిస్తే ఎక్కడ చూసినా ఎరుపే. కంగారు పడకండి. ఇంగ్లండ్, వేల్స్‌లో కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా (అంటే ఇద్దరూ సంతకం చేసిన కాంట్రాక్టులు మార్చుకునేదాకా) ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు, మళ్లీ బేరమాడొచ్చు, వద్దనుకుంటే వదిలేయొచ్చు, కాకపోతే సర్వే డబ్బులు, సొలిసిటర్ (మీ లాయర్) అప్పటిదాకా చేసిన పనికి డబ్బులు పోతాయి. (స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు.)

రిపోర్ట్‌లో ఇంట్లో ఒక్కో భాగానికి 1, 2, 3 అని రేటింగ్ వేస్తారు, ఎరుపులో 3 అని ఉంటే ఇల్లు కూలిపోతుందని కాదు. త్వరగా రిపేర్ చేయాలి లేదా ఇంకెవరైనా స్పెషలిస్ట్ చూడాలి అని. కరెంటు వైరింగ్‌కి చాలాసార్లు 3 వేసేస్తారు, ఎందుకంటే సర్వేయర్ దాన్ని టెస్ట్ చేయడు, ఎలక్ట్రీషియన్‌తో ఈఐసీఆర్ (వైరింగ్ అంతా టెస్ట్ చేసి ఇచ్చే రిపోర్ట్) చేయిస్తే అసలు సంగతి తెలుస్తుంది. అందుకే ముందు సర్వేయర్‌కి ఫోన్ చేయండి. కాగితం మీద తనకి మాట రాకుండా జాగ్రత్తగా రాస్తాడు గానీ, ఫోన్‌లో "వీటిలో మీకు నిజంగా భయం వేసేది ఏది" అని అడిగితే సూటిగా చెప్తాడు.

డ్యాంప్ (గోడల్లో తేమ) దగ్గరే మనవాళ్లు ఎక్కువ మోసపోతారు. పాత విక్టోరియన్ టెర్రస్ ఇళ్లకి మధ్యలో ఖాళీ లేని ఇటుక గోడలు, అక్కడ తేమకి కారణం చాలాసార్లు కారే కప్పు గట్టరో, మూసుకుపోయిన ఎయిర్ బ్రిక్కో (గాలి ఆడడానికి పెట్టే చిల్లుల ఇటుక), బయట నేల ఎత్తు పెంచేయడమో అయ్యుంటుంది, అసలైతే డ్యాంప్ ప్రూఫ్ కోర్స్‌కి (నేల తేమ పైకి ఎక్కకుండా గోడలో వేసే పొర) 150 మిల్లీమీటర్లయినా కిందుండాలి నేల. ఫ్రీగా చూస్తామని వచ్చే కంపెనీ చాలాసార్లు గోడకి కెమికల్ ఇంజెక్షన్ అమ్మడానికే వస్తుంది, డబ్బులైనా ఇచ్చి, ఏమీ అమ్మని ఇండిపెండెంట్ సర్వేయర్‌ని పిలవండి. పగుళ్లు, సబ్‌సిడెన్స్ (పునాది కింద నేల కుంగడం) అని రాస్తే మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాల్సిందే, పాత క్లెయిమ్ ఏమైనా ఉందా, ఇప్పుడు ఇన్సూరెన్స్ ఎవరిస్తున్నారు అని సొలిసిటర్‌తో అడిగించండి.

కొటేషన్లు చేతికి రాకుండా ఏజెంట్‌తో రేటు మాట్లాడొద్దు. కప్పు బాగోలేదని వస్తే రూఫర్ దగ్గర రాతపూర్వకంగా రెండు మూడు తీసుకుని, రిపోర్ట్‌లో ఆ పేజీలు మాత్రమే జత చేసి ఈమెయిల్ పెట్టండి. వ్యూయింగ్‌లో కళ్లెదురుగా కనబడిన పాత కిచెన్‌కి ఇప్పుడు తగ్గించమంటే నవ్వుకుంటారు, అప్పుడు కనబడనివే అడగండి. అమ్మేవాళ్లే రిపేర్ చేయించి ఇస్తామంటే నాకైతే నచ్చదు, ఎవరు చవగ్గా చేస్తే వాళ్లతో చేయించేస్తారు.

చాలామంది వేసుకోని లెక్క ఒకటుంది. 3,00,000 పౌండ్ల ఇంటికి 10 శాతం డిపాజిట్ అనుకోండి, రేటు 10,000 తగ్గిస్తే మీ డిపాజిట్‌లో మిగిలేది 1,000 మాత్రమే, మిగతా 9,000 అప్పులో తగ్గుతుంది, రూఫర్‌కి ఇచ్చే డబ్బు మాత్రం మీ జేబులోంచే రావాలి, కాబట్టి అది ఎక్కడ్నుంచి వస్తుందో ముందే చూసుకోండి. అటకలో స్ప్రే ఫోమ్ (చలి ఆపడానికి కప్పు లోపల కొట్టే నురగ) లాంటిది ఉంటే కొందరు లెండర్లు అసలు అప్పే ఇవ్వరు, అక్కడ బేరం కంటే మార్ట్‌గేజ్ బ్రోకర్‌కి ఫోన్ ముందు.

ఇంకో బయ్యర్ రెడీగా ఉన్నాడని ఏజెంట్ తొందర పెడితే పెట్టనివ్వండి, ఆ బయ్యర్ సర్వే చేయించినా అదే కప్పు కదా. రేటు కుదిరాక సొలిసిటర్‌కీ బ్రోకర్‌కీ వెంటనే చెప్పండి, ఇంటి కొత్త ధరతో మార్ట్‌గేజ్ ఆఫర్ మళ్లీ చేతికి వచ్చేదాకా ఎక్స్ఛేంజ్‌కి ఒప్పుకోకండి.