అటక మీది పింగాణీ సామాను అమ్మడం ఎలా?

షోకేసులో ఏళ్లుగా కదలని డిన్నర్ సెట్, అటక మీద బోర్లించిన జాడీలు, పెళ్లికి కానుకగా వచ్చి డబ్బా కూడా విప్పని టీ కప్పులు. ఇల్లు మారేటప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. పాత సామాన్లవాళ్లు ఇత్తడి, ఇనుము తూకానికి కొంటారు గానీ పింగాణీ జోలికి రారు. కరిగించి మళ్లీ వాడే సరుకు కాదు కదా. అందుకే దీన్ని వాడుకునే మనిషిని వెతికి అమ్మాలి. విశాఖలో అలాంటివాళ్లు తక్కువేమీ కాదు.

ముందు ఇంట్లోవాళ్లని అడగండి

అన్నీ నేల మీద పరిచి ఒక ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టండి. అమ్మమ్మ జాడీ మీకు అడ్డంగా అనిపించవచ్చు, పిన్నికి అదే కావాల్సి ఉండవచ్చు. అమ్మేశాక అడిగితే ఇచ్చే జవాబు ఉండదు.

ఏది ఏమిటో తేల్చుకోండి

ఒక్కొక్కటీ గోటితో మెల్లగా కొట్టి చూడండి. బాగున్నది ఖంగుమంటుంది. బీట ఉంటే మొద్దు శబ్దం వస్తుంది. అంచు చుట్టూ వేలు తిప్పితే కంటికి ఆనని పెచ్చు కూడా తెలుస్తుంది. టీ మరకలకు వంటసోడా ముద్ద చాలు. బంగారు గీత ఉన్నవాటిని పీచుతో తోమకండి, గీత పోతే ధర కూడా పోయినట్టే.

తర్వాత వెనక ముద్ర చూడండి. బోన్ చైనా అని ఉంటే అందులో ఎముకల బూడిద కలిసి ఉంటుంది. కొన్ని శాకాహార కుటుంబాలు అది వద్దనుకుంటాయి, కాబట్టి అడక్కముందే చెప్పండి. లా ఓపాలా లాంటి బ్రాండ్లవి ఓపల్ గాజు, పింగాణీ కావు. హిట్కారీ, బెంగాల్ పాటరీస్, నోరిటాకే, వెడ్జ్‌వుడ్ లాంటి పేర్లు కనిపిస్తే తొందరపడి అమ్మకండి. అదే పేరు, అదే డిజైన్ ఆన్‌లైన్‌లో వెతికి చూడండి. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే అది 1945–52 మధ్య తయారైన సరుకు, సేకరించేవాళ్లు ఇష్టంగా అడుగుతారు. ‘రంగం (రంగూన్) నుంచి తెచ్చింది’ అని ఇంట్లో చెప్పుకునే పాత సామాను ఉంటే ఆ మాట కూడా రాయండి, రుజువు లేకపోతే ‘ఇంట్లో చెప్పేవారు’ అనే రాయండి.

నూరేళ్లు దాటిన కళాఖండాలు 1972 పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. వాటిని విదేశాల్లో కొనేవాళ్లకు పంపడం నేరం. రంగులు రాలుతున్న పాత ప్లేట్లను అలంకరణకే అమ్మండి. పాత రంగుల్లో, పూతల్లో సీసం ఉండే అవకాశముంది, పులుసులాంటి పుల్లటివి తగిలితే అది తిండిలోకి దిగుతుంది.

జాడీల సంగతి వేరు

నన్నడిగితే మీ దగ్గరున్నవాటిలో అన్నిటికంటే ముందు అమ్ముడయ్యేవి ఊరగాయ జాడీలే. ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ పెట్టడం ఇష్టంలేనివాళ్లు వీటికోసం చూస్తుంటారు. మార్చిలోనే బయటపెట్టండి. మామిడికాయలు మార్కెట్‌కి వచ్చేసరికి అందరికీ జాడీ కావాలి, జూలైలో ఎవరికీ అక్కర్లేదు.

అమ్మేముందు ఒక పరీక్ష తప్పనిసరి. జాడీ నిండా నీళ్లు పోసి, పొడి పేపరు మీద రాత్రంతా ఉంచండి. తెల్లారి పేపరు తడిగా ఉంటే సన్నని బీట ఉందన్నమాట, దాన్ని ఊరగాయకని అమ్మకండి. పెట్టిన ఊరగాయ మొత్తం పాడైతే ఆ ఇంటికి ఏడాదంతా లోటే. పరీక్ష నెగ్గితే ఆ నీళ్లనే కొలిచి ‘మూడు లీటర్లు పడుతుంది’ అని రాయండి. మూత అసలుదా, వేరే జాడీదా అన్నది కూడా చెప్పండి.

ఫొటో, ధర, నాలుగు మాటలు

పొద్దున్న బాల్కనీ వెలుతురులో తీయండి. ముందు, వెనక ముద్ర, లోపం ఉన్న చోటు దగ్గరగా. రోజువారీ ప్లేట్లకు కొత్త సెట్టు ఇప్పటి ధరలో మూడో వంతు నుంచి సగం దాకా అడగవచ్చు. బేరానికి కొంచెం చోటు వదలండి. ప్రకటన ఇలా ఉంటే చాలు:

‘బోన్ చైనా టీ సెట్టు. కప్పులు 6, సాసర్లు 5. ఒక కప్పు అంచున గోరంత పెచ్చు లేచింది, ఫొటో ఉంది. బంగారు గీత ఉంది కాబట్టి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. సీతమ్మధార వచ్చి చూసుకుని తీసుకెళ్లాలి. ధర 900 రూపాయలు.’

లోపం ముందే చెబితే వచ్చినవాళ్లు గుమ్మంలో ధర తగ్గించమని పట్టుబట్టరు.

ఎవరికి అమ్మాలి?

మొదట అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, తర్వాత ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్. బదిలీ మీద వచ్చే నేవీ కుటుంబాలకు పూర్తి సెట్లు పనికొస్తాయి. మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీల్లో గదులు అద్దెకు తీసుకున్న కుర్రాళ్లకు విడి ప్లేట్లు చాలు. జతలేని కప్పుల గురించి భీమిలి, అరకు వైపు హోమ్‌స్టేలు నడిపేవాళ్లని అడిగి చూడండి.

డబ్బు విషయంలో ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి. ‘ఆర్మీలో పనిచేస్తున్నాను, చూడక్కర్లేదు, అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి’ అంటే అది మోసం. మనకు డబ్బు రావడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ నొక్కాల్సిన పని అసలే లేదు. అలాంటి ఫోన్ పెట్టేయండి. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కొరియర్ తప్పదంటే ప్రతి ప్లేటునూ విడిగా చుట్టి, అట్టపెట్టెలో నిలువుగా నిలబెట్టండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే అడుగుది పగులుతుంది. కప్పు లోపల కూడా పేపరు కుక్కాలి. పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు. చవక సామానుకు మాత్రం ఈ ఖర్చు గిట్టదు.

పెచ్చులూడిన సాసర్లు మొక్కల కుండీల కింద పెట్టుకోవచ్చు. పగిలిన ముక్కల్ని తడిచెత్తలో కలపకండి. మందపాటి పేపరులో చుట్టి, టేపు వేసి, పైన ‘పగిలిన పింగాణీ’ అని రాసి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండికి విడిగా ఇవ్వండి. చెత్త వేరుచేసేవాళ్ల చేతులు తెగకుండా ఉంటాయి.